తూము ఎక్కడ ఇరుకైంది?

గేమింగ్ కంప్యూటర్‌కు లక్ష రూపాయలు పోయాలా? వరంగల్ ఎండ, దుమ్ము, కరెంటు బిల్లు సాక్షిగా ఒక లెక్క

"తమ్మీ, వీడు కంప్యూటర్ మొత్తం మార్చాలంటున్నడు. లక్షా పదివేలైతదట. నువ్వొకసారి వచ్చి చూడు."

2025 మే నెలలో మా అక్క ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. వాడంటే నా మేనల్లుడు. హన్మకొండలో ఇంజినీరింగ్ రెండో ఏడాది. నేను వెళ్లిన మధ్యాహ్నం బయట ఎండ 43 డిగ్రీలు. పైగదిలో, పడమటి గోడకు ఆనించిన చెక్క బల్ల కింద ఉంది వాడి సిస్టమ్. 2020లో కాలేజీలు, బడులు మూతపడ్డప్పుడు ఆన్‌లైన్ పాఠాల కోసమని కొన్నారు. ఇంటెల్ ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్కు, 1 టీబీ హార్డ్ డిస్క్, 60 హెర్ట్జ్ మానిటర్. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిన అసెంబుల్డ్ సిస్టమ్‌లు చాలావరకు ఇలాంటివే.

"మామా, ఆట మొదలైనంక పది నిమిషాలు మంచిగనే ఉంటది. తర్వాత ఆగి ఆగి నడుస్తది. కార్డు సరిపోతలేదు" అన్నాడు.

ఆ 'పది నిమిషాలు' అన్న మాట దగ్గర నేను ఆగాను. కార్డుకు సత్తువ చాలకపోతే ఆట మొదటి నిమిషం నుంచే మొరాయించాలి. పది నిమిషాలు సాఫీగా నడిచి తర్వాత కుంటుతోందంటే వేడిని అనుమానించాలి. ప్రాసెసర్ హద్దు మీరి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 9400ఎఫ్ చిప్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. పక్కమూత విప్పి చూస్తే ఫ్యాను కింద, అల్యూమినియం రేకుల సందుల్లో దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. ఐదేళ్లలో ఆ మూత ఎవరూ తీయలేదు. గదిలోని గాలే నలభైకి దగ్గరగా కాగుతుంటే, ఆ గాలి కూడా లోపలికి వెళ్లే దారి లేకపోతే, చిప్ దేనితో చల్లబడాలి?

చెరువుల గురించి ఓరుగల్లు వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. పాకాల, రామప్ప, లక్నవరం, ఊరూరా గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి దూకితే కిందిచెరువు నిండుతుంది. చెరువులో నీళ్లెన్ని ఉన్నా పొలానికి పారేది తూము ఎంతుంటే అంతే. తూము ఇరుకైతే కట్ట ఎత్తు పెంచి లాభం లేదు. చెరువు పూడితే తూము వెడల్పు చేసీ లాభం లేదు. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ నలభై ఆరు వేలకు పైగా చెరువుల లెక్క తీసి, ముందు పూడిక మీదే పడింది.

గేమింగ్ కంప్యూటర్ కూడా గొలుసుకట్టే. డిస్క్ నుంచి ర్యామ్‌కు, ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు, అక్కడి నుంచి గ్రాఫిక్స్ కార్డుకు, చివరికి తెరకు. ఈ ఐదింటిలో ఏది ఇరుకైతే ఆట వేగం అదే. మిగతా నాలుగూ ఎంత ఖరీదైనవైనా దాని ముందు ఆగి ఎదురుచూడాల్సిందే. అప్‌గ్రేడ్ దండగా కాదా అన్న ప్రశ్నకు జవాబు మొత్తం ఇక్కడే ఉంది. ఇరుకు ఎక్కడుందో తెలిసి పెట్టిన రూపాయి పని చేస్తుంది. తెలియకుండా పెట్టిన లక్ష బల్ల కింద ఊరికే కూర్చుంటుంది.

మేం ఆ సాయంత్రం చేసిన పనులు చిన్నవే. బ్లోయర్‌తో దుమ్ము దులిపాం. ప్రాసెసర్ మీద ఎండి పెళుసుబారిన పాత పేస్ట్ తుడిచి కొత్తది పూశాం. పడమటి గోడ దగ్గరి నుంచి సిస్టమ్‌ను గది లోపలివైపుకు జరిపాం. మర్నాడు హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో ఇంకో 8 జీబీ స్టిక్కు, 500 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాం. రెండూ కలిపి ఐదు వేల లోపే.

ర్యామ్ ఒకటే స్టిక్కు ఉంటే ప్రాసెసర్‌కు దారి ఒకటే. రెండు స్టిక్కులను సరైన స్లాట్లలో పెడితే దారులు రెండవుతాయి. పైగా వెనక బ్రౌజరు, డిస్కార్డ్ తెరిచి ఉంచి ఆట మొదలుపెడితే 8 జీబీ చాలదు. మిగిలిన సరుకును విండోస్ హార్డ్ డిస్క్ మీదికి తోస్తుంది. హార్డ్ డిస్క్ అంటే లోపల తిరిగే పళ్లెం, దాని మీద కదిలే ముల్లు. కావలసిన చోటికి ఆ ముల్లు చేరడానికే దాదాపు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి ఒక మిల్లీసెకనులో పదో వంతు కూడా పట్టదు. పిల్లలు 'ల్యాగ్' అని పిలిచే ఆ ఉలికిపాటు సగం ఇక్కడ పుట్టేదే.

ఇక వాడు ఆడే వాలరెంట్ ఆట తెరిచి, మూలన ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలో చూపే అంకె పెట్టుకుని కూర్చున్నాం. గంట దాటినా ఆట ఎక్కడా కుంటలేదు. అంకె 150 చుట్టూ తిరుగుతోంది. వాడి మొహం వెలిగింది. కానీ నాకు అప్పుడే రెండో ఇరుకు కనిపించింది. కార్డు సెకనుకు 150 బొమ్మలు తయారుచేస్తోంది, మానిటర్ చూపించగలిగింది 60. మిగతా తొంభై బొమ్మలు ఆ పిల్లవాడి కంటికి చేరనే లేదు. లక్షా పదివేలు పెట్టి కొత్త సిస్టమ్ తెచ్చి ఆ పాత మానిటర్‌కే తగిలించి ఉంటే, ఆ ఆటలో వాడు చూసేది మళ్లీ ఆ అరవై బొమ్మలే.

బొమ్మల లెక్క ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దుకాణాల్లో అమ్మేది ఈ అంకెనే. సెకనుకు 30 బొమ్మలైతే ఒక్కో బొమ్మకు 33 మిల్లీసెకన్లు. 60 అయితే 16.7. 144 అయితే దాదాపు 7. 240 అయితే 4 పైచిలుకు. అంటే 30 నుంచి 60కి ఎక్కితే బొమ్మ బొమ్మకు దాదాపు 17 మిల్లీసెకన్లు మిగులుతాయి. కంటికీ చేతికీ ఆ తేడా ఎవరైనా చెప్పగలరు. 60 నుంచి 144కు దాదాపు 10. అదీ తెలుస్తుంది. 144 నుంచి 240కి మిగిలేది మూడు మిల్లీసెకన్లు కూడా కాదు, కానీ బిల్లు మాత్రం అక్కడే బాగా పెరుగుతుంది. పోటీల్లో ఆడి గెలవాలనుకునే వాళ్లకు ఆ మూడూ విలువైనవే కావచ్చు. సాయంత్రం క్లాసులయ్యాక స్నేహితులతో రెండు గంటలు ఆడే పిల్లలకు కావు. ఇక పింగ్ సంగతి వేరు. ముంబయి సర్వర్‌కు వెళ్లొచ్చే ఆలస్యం ఏ గ్రాఫిక్స్ కార్డుతోనూ తగ్గదు. వైఫై వదిలి రూటర్ నుంచి కేబుల్ లాగితే కొంత తగ్గుతుంది.

అలాగని కొత్త కార్డు ఎప్పుడూ దండగేనని నేను అనను. 2024 డిసెంబరులో వచ్చిన 'ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్', 2025 మేలో వచ్చిన 'డూమ్: ద డార్క్ ఏజెస్' ఆడాలంటే రే ట్రేసింగ్ చేయగల కార్డు ఉండాలి. జీటీఎక్స్ 1650కి ఆ ఏర్పాటు లేదు. దుమ్ము దులిపినా, ర్యామ్ పెంచినా ఈ గోడ కదలదు. 2016లో వచ్చి మన దగ్గర ఎన్నో ఇళ్లలో తొమ్మిదేళ్లు నడిచిన జీటీఎక్స్ 1060 వరుసకు 2025 అక్టోబరుతో కొత్త ఆటల డ్రైవర్లను ఎన్విడియా ఆపేసింది. భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయి. అలాంటి కార్డు ఉన్నవాళ్లు కొత్తది కొంటే తప్పు పట్టలేం. తొమ్మిదేళ్లు పనిచేసిన వస్తువు తన ధర తాను తీర్చేసుకుంది.

కొనేటప్పుడు దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. 2025 మేలో వచ్చిన ఆర్టీఎక్స్ 5060నే తీసుకుందాం. అది మదర్‌బోర్డుతో మాట్లాడేది ఎనిమిది దారుల్లోనే. కొత్త తరం బోర్డు మీద ఆ ఎనిమిదే చాలు, ఒక్కో దారి అంత వెడల్పు. మా మేనల్లుడి దగ్గరున్న లాంటి 2019 నాటి బోర్డు మీద ఒక్కో దారి వెడల్పు అందులో నాలుగో వంతు. కార్డు మీదున్న 8 జీబీ మెమరీలో ఆట ఇమిడినంతసేపూ పెద్ద తేడా ఉండదు. అది నిండి ర్యామ్ వైపు చేయి చాచిన క్షణాన ఆట కూలబడుతుంది. కొత్త చెరువుకు పాత తూము అంటే ఇదే.

ఆ తర్వాత సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె, ఎస్ఎంపీఎస్. ఊళ్లలో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగానికి నేను దీన్నే తప్పుపడతాను. జీటీఎక్స్ 1650 వాడేది 75 వాట్లు. బోర్డు నుంచే తీసుకుంటుంది, చాలా మోడళ్లకు వేరే వైరు కూడా అక్కర్లేదు. 5060 వాడేది 145 వాట్లు. మొత్తం సిస్టమ్‌కు 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియాయే చెబుతోంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద '450 వాట్స్' అని స్టిక్కరు ఉన్నంత మాత్రాన అది 450 ఇస్తుందని నమ్మొద్దు. నా సొంత సిస్టమ్‌లో అలాంటిదే ఒకటి ఎండాకాలపు రాత్రి కాలిపోతూ బోర్డునూ తనతో తీసుకుపోయింది. ఆ వాసన నాకింకా గుర్తుంది. రెండు వేలు మిగుల్చుకుందామని పన్నెండు వేలు పోగొట్టుకున్నాను. అందుకే కార్డు కొనే డబ్బుల్లో ఎస్ఎంపీఎస్ ధర కలపకుండా ఎవరు లెక్క చెప్పినా ఒప్పుకోకండి.

ప్రాసెసర్ మార్చాలా అన్నది మీ బోర్డు ఇంటెల్ చిప్‌దా, ఏఎండీ చిప్‌దా అన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇంటెల్ దాదాపు రెండు తరాలకొకసారి సాకెట్ మార్చేస్తుంది. ప్రాసెసర్ మార్చాలంటే బోర్డూ మార్చాలి, కొత్త బోర్డు చాలాసార్లు కొత్త ర్యామ్ అడుగుతుంది. ఒక ఇటుక తీయబోతే గోడంతా కదులుతుంది. ఏఎండీ ఏఎం4 బోర్డులున్నవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. 2017లో మొదటి రైజెన్‌తో కొన్న బోర్డుల్లో చాలావాటికి బయాస్ అప్‌డేట్ చేసి 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ పెట్టుకోవచ్చు. ఐదేళ్ల తేడా ఉన్న చిప్ అదే సాకెట్లో కూర్చుంటుంది. ర్యామ్ అదే, క్యాబినెట్ అదే. నేను చూసినంతలో గేమింగ్‌లో రూపాయికి రూపాయి గిట్టుబాటైన అప్‌గ్రేడ్ అంటే ఇలాంటిదే.

ఇష్టం లేకపోయినా మార్చక తప్పని వాళ్లూ ఉన్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సహాయం ఆపేసింది. ఇంటెల్‌లో దాదాపు అన్ని ఏడో తరం చిప్‌లూ, అంతకు ముందువీ విండోస్ 11 జాబితాలో లేవు. ఆ పైతరాల వాళ్లు కూడా బయాస్‌లో టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్ చేసుకోవాలి. విండోస్ 11 మీద వాలరెంట్ ఆ రెండూ లేకుండా తెరుచుకోదు. ఆ ఎర్రర్ చూసి సిస్టమ్ పాతబడిందనుకుని కొత్తది కొన్నవాళ్లు నాకు తెలుసు. సెట్టింగ్ మార్చడానికి పట్టేది ఐదు నిమిషాలు.

ఇక ధరల సంగతి. 2020, 2021లలో కరోనా వల్ల సరుకు ఆగిపోయి, మరోవైపు ఎథీరియం మైనింగ్ చేసేవాళ్లు కార్డులను ఎగరేసుకుపోయి, మామూలు కార్డు కూడా రెట్టింపు ధర పలికింది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకుంది. గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ అవసరం పోయింది. నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు సెకండ్స్ బజారులోకి వచ్చిపడ్డాయి. ఓపిక పట్టినవాళ్లు అప్పుడు లాభపడ్డారు. ఇప్పుడు మళ్లీ కొరత కాలం వచ్చింది. ఈసారి కొరత ర్యామ్‌ది. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు గుట్టలుగా కావాలి. లోకంలో ఆ చిప్‌లు ఎక్కువగా చేసేవి మూడు కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ముగ్గురూ ఎక్కువ లాభం వచ్చే వైపే మొగ్గారు. 2025 డిసెంబరు 3న మైక్రాన్, మామూలు కొనుగోలుదారులకు 'క్రూషియల్' పేరుతో ర్యామ్, ఎస్ఎస్‌డీ అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు చెప్పింది. మేం మే నెలలో కొన్న 8 జీబీ స్టిక్కు ధర ఏడాది తిరగక ముందే రెట్టింపు దాటింది. కొత్త బోర్డు, కొత్త ర్యామ్ కలిపి సిస్టమ్ మొత్తం మార్చడానికి ఇంతకంటే చెడ్డకాలం ఈమధ్య చూడలేదు. ఆగగలిగినవాళ్లు ఆగండి.

సికింద్రాబాద్ వెళ్తే చౌక కదా అంటారు. కాజీపేటలో రైలెక్కి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే రకాలు ఎక్కువ, బేరం ఎక్కువ. నిజమే. కానీ కార్డు చెడిపోతే వారంటీ కోసం మళ్లీ ఆ 140 కిలోమీటర్లు పోవాలి, రావాలి. వెయ్యీ రెండువేల తేడా అయితే హన్మకొండలోనే, బిల్లుతో కొనండి. సెకండ్స్‌లో అయితే నడుస్తున్న సిస్టమ్‌లో అరగంట ఆట ఆడించి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. బిల్లు లేని కార్డు ఎంత చౌకైనా వద్దు.

మన ఇళ్లలో ఇంకో లెక్క ఉంది, అది బెంగళూరులోనో అమెరికాలోనో రాసిన సలహాల్లో దొరకదు. ఇలాంటి సిస్టమ్ ఆట నడుస్తున్నప్పుడు మానిటర్‌తో కలిపి 250 నుంచి 300 వాట్లు తాగుతుంది. రోజూ నాలుగు గంటలాడితే దాదాపు ఒక యూనిట్. నెలకు ముప్పై, ముప్పై ఐదు యూనిట్లు. 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. 180 దగ్గర నడిచే ఇంట్లో ఈ ముప్పై యూనిట్లు కలిస్తే గీత దాటుతుంది. దాటిన నెల కట్టాల్సింది ఆ పైన పది యూనిట్లకు కాదు, మొత్తం బిల్లు. కూలర్ తిరిగే ఏప్రిల్, మే నెలల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. ఎన్విడియా పెద్ద కార్డు ఆర్టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్లు వాడగలదు. రెండు, మూడు కూలర్లు తిరిగినంత.

ఈదురుగాలులకు కరెంటు పోయి వచ్చే వేళల్లో యూపీఎస్ తప్పనిసరి. ఆఫీసుల్లో కనిపించే చిన్న 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లే అని గుర్తుంచుకుని కార్డు ఎంచుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే చేయి జివ్వుమంటే మీ ఇంటి ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌ను పిలిచేదాకా కొత్త సామాను ఏదీ కొనొద్దు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఈ చర్చ చిన్నది. అందులో గ్రాఫిక్స్ చిప్ మారదు. ర్యామ్‌కు, ఎస్ఎస్‌డీకి చోటుంటే అవి, లేకపోతే దుమ్ము, పేస్ట్. అంతే.

ఆట కోసం ఇంత ఆలోచన ఎందుకని అడిగే తల్లిదండ్రులకు ఒక మాట. 2000 తర్వాతి సంవత్సరాల్లో హన్మకొండ నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి, కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆడిన తరం మాది. ఆ గదుల్లో కలిసిన స్నేహితులు నాకు ఇప్పటికీ స్నేహితులే. ఆట సంతోషం సంతోషమే, దానికి వేరే సాకు అక్కర్లేదు. పైగా ఆ కార్డుతోనే పిల్లలు బ్లెండర్‌లో బొమ్మలు చేస్తారు, మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులు నడుపుతారు. చదువుకూ వాడేవాళ్లయితే లెక్క మారుతుంది. 2021లో వచ్చిన 12 జీబీ ఆర్టీఎక్స్ 3060, దాని తర్వాత 2023లో వచ్చిన 8 జీబీ 4060 కంటే ఆటల్లో కాస్త వెనకబడ్డా, మోడళ్లు నడపడానికి ఎక్కువ పనికొస్తుంది. అక్కడ వేగం కంటే చోటు ముఖ్యం.

నా తీర్పు ఇది. కొత్త భాగం పెడితే మీరు ఆడే ఆటలో, మీ మానిటర్ మీద, వేగం దాదాపు రెట్టింపవుతుందంటే కొనండి. ఇరవై, ముప్పై శాతం కోసం కొనకండి, నెల తిరిగేసరికి ఆ తేడా కంటికి అలవాటై మాయమవుతుంది. సిస్టమ్ మొత్తం మార్చడం ఏడెనిమిదేళ్లకొకసారి చాలు. మధ్యలో ఒక ఎస్ఎస్‌డీ, ఒక ర్యామ్ స్టిక్కు, ఒక మానిటర్, మంచి ఎస్ఎంపీఎస్‌తో కలిపి ఒక కార్డు. మీ పిల్లలు అప్‌గ్రేడ్ అడిగిన రోజు కాదనే ముందు, సరేననే ముందు, ఒక గంట వాళ్ల పక్కన కూర్చోండి. ఆట నడుస్తుండగా ప్రాసెసర్ వేడి, ర్యామ్ ఎంత నిండింది, కార్డు ఎంత శాతం పనిచేస్తోంది, మానిటర్ ఎన్ని హెర్ట్జ్ మీద ఉంది, ఈ నాలుగూ చూపించమనండి. ఏది మార్చాలో ఆ నాలుగంకెలే చాలావరకు చెబుతాయి.

మా మేనల్లుడికి ఆ దసరాకు 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నారు. కార్డు అదే, ప్రాసెసర్ అదే. రెండు నెలలకొకసారి పక్కమూత వాడే విప్పి దుమ్ము దులుపుతున్నాడు.